గుండు ఎందుకు పొడవైనది?

జగిత్యాల కోటను చూడబోయిన వారికి ముందుగా తోచేది దాని ఎత్తు కాదు, దాని ఆకారం. ఎల్గందుల కోట వలె ఇది గుట్టనెక్కి కూర్చున్నది కాదు. బయలు నేల మీద నక్షత్రం వలె కోణాలు చాచుకొని, చుట్టూ అగడ్తతో నిలిచి ఉన్నది. గోడలకు ఇట్లా కోణాలు తీర్చటం అలంకారానికి కాదు. నిటారుగా నిలిచిన ఎత్తైన గోడ ఫిరంగికి సులభమైన గురి. పొట్టిగా, దళసరిగా, ఏటవాలుగా ఉండే బురుజు మీద పడిన గుండు చాలావరకు ప్రక్కకు జారిపోతుంది. పైగా ఒక కోణం మీది ఫిరంగి ప్రక్క కోణపు గోడను కాపాడుతుంది. ఒక విధంగా చూస్తే ఈ కోట పటాన్ని గీసింది ఫిరంగి గుండే.

ఈ కోటను 1747లో జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడని గ్రంథస్థమైన సంప్రదాయం. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచివారి పేర్లు కలిసి జగిత్యాల అయినదని ఊళ్లో చెప్పుకొనే కథ. పేర్ల కథలు ఎప్పుడూ కొంచెం అతికినట్లే ఉంటాయి. దాన్ని అట్లా ఉంచుదాం. బుస్సీ దొర సేనతో హైదరాబాదు చేరినది 1751లో. కోట కట్టినది 1747 అయితే, అంతకు ముందే ఫ్రెంచి పనివారు ఒకరిద్దరు ఈ సీమకు వచ్చి కొలువు చేసి ఉండాలి.

అదే 1747లో, జూలై 2 వ తేదీన, లండనులోని రాయల్ సొసైటీ ఎదుట బెంజమిన్ రాబిన్స్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం చదివాడు. గొట్టం లోపల మెలికలు తిరిగే గాళ్లు తీసిన తుపాకి, అంటే రైఫిలు, దాని స్వభావం, దాని ప్రయోజనం ఆ వ్యాసానికి విషయం. అందులో ఆయన ఒక విచిత్రమైన సలహా ఇచ్చాడు: రైఫిలులో వేసే గుండు గుండ్రంగా ఉండనక్కరలేదు, కోడిగ్రుడ్డు ఆకారంలో చేసి, బరువైన కొనను ముందుకు పెట్టి చూడండి. జగిత్యాలలో గుండ్రని గుండును ఎదుర్కొనటానికి రాయి, సున్నం పేరుస్తున్న సంవత్సరంలోనే, గుండ్రని గుండుకు కాలం చెల్లుతుందని ఒకడు లెక్క కట్టి చెప్పాడన్నమాట.

రాబిన్స్ ఊహాగానం చేసేవాడు కాడు. 1742లోనే ఆయన ఫిరంగి విద్యకు కొత్త సూత్రాలు చెప్పే గ్రంథం ప్రకటించాడు. ఒక బరువైన లోలకం వ్రేలాడదీసి, దానిలోకి గుండు పేల్చి, లోలకం ఎంత దూరం ఊగినదో కొలిచి, ఆ ఊపును బట్టి గుండు వేగం లెక్క కట్టాడు. లోలకాన్ని దగ్గర ఒకసారి, దూరాన ఒకసారి పెడితే, నడుమ గాలి ఎంత వేగాన్ని హరించిందో తెలిసిపోతుంది. అంతవరకు గాలి నిరోధం లెక్కలోకి రానంత స్వల్పమని పండితులు అనుకొనేవారు. ముప్పాతిక అంగుళం వ్యాసం గల సీసపు గుండు సెకనుకు 1,600 అడుగులకు పైబడిన వేగంతో పోతున్నప్పుడు, గాలి దానిని వెనక్కు నెట్టే బలం ఆ గుండు బరువుకు దాదాపు 120 రెట్లని రాబిన్స్ చూపాడు. ధ్వని వేగానికి దాపుల నిరోధం తీరు మారిపోతుందని కూడా ఆయన గమనించాడు. గొప్ప గణితవేత్త ఆయిలర్ 1745లో ఈ గ్రంథాన్ని జర్మను భాషలోకి తెచ్చాడు.

తరువాత రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశానికే వచ్చాడు. ఫ్రెంచివారి ఫిరంగులకు తట్టుకొనేట్లు మద్రాసు కోటను, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటను బాగుచేయటం ఆయన పని. జ్వరపడి 1751 జూలైలో సెయింట్ డేవిడ్ కోటలోనే మరణించాడు. బుస్సీ హైదరాబాదు వచ్చిన సంవత్సరమే అది.

ఇక గుండ్రని గుండులో ఉన్న లోపం చూద్దాం. నోటి నుంచి దిగవేసే గుండు గొట్టంలో సులభంగా జారాలంటే గొట్టం కంటే కాస్త సన్నగా ఉండాలి. ఆ సందులోంచి మందు వాయువు తప్పించుకొంటుంది. ఇరవయ్యో వంతు సందు ఉంటే మందు బలంలో మూడో వంతుకూ నాలుగో వంతుకూ నడుమ వ్యర్థమవుతున్నదని రాబిన్స్ తరువాత వచ్చిన హట్టన్ కొలిచి చెప్పాడు. సందులో అటూ ఇటూ తగులుతూ పోయిన గుండు గొట్టం విడిచేటప్పుడు ఏ గోడకు చివరిగా తగిలితే దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అందుకే ఆనాటి తుపాకి నూరు గజాలు దాటితే ఎవరిని కొడుతుందో పేల్చినవాడికే తెలియదు.

రెండవ లోపం ఇంతకంటే లోతైనది. గుండును ముందుకు తోసుకుపోయేది దాని బరువు. ఆపేది దాని అడ్డుకోత మీద గాలి. కనుక ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత వెనుక ఎన్ని గ్రాములు ఉన్నవి అనేదే అసలు ప్రశ్న. గోళంలో ఈ నిష్పత్తి వ్యాసంతోపాటే పెరుగుతుంది. 24 పౌన్ల ఇనుప ఫిరంగి గుండుకు చదరపు సెంటీమీటరుకు 70 గ్రాములు. రాబిన్స్ వాడిన ముప్పాతిక అంగుళం సీసపు గుండుకు 13 గ్రాములే. అందుకే కోటలు కొట్టేవారు పెద్ద ఫిరంగులను ఎడ్లతో, ఏనుగులతో ఈడ్పించుకొని పోయేవారు. మనిషి భుజాన మోసే తుపాకికి ఆ వ్యాసం అసాధ్యం. వ్యాసం పెరగకుండా బరువు పెరగాలంటే ఒకటే దారి: గుండును పొడవు చేయాలి.

కాని పొడవు గుండు గాలిలో పల్టీలు కొడుతుంది. బొంగరం నిలిచేది తిరుగుతున్నంతసేపే కదా. గుండునూ అట్లాగే తిప్పాలి. అందుకే మెలిక గాళ్లు. గాళ్లను గుండు పట్టుకోవాలంటే అది గొట్టానికి బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే నోటి నుంచి దిగదు. ఈ చిక్కు వేటగాళ్లను, సైనికులను నూరేళ్లు వేధించింది. గుండ్రని గుండుకు జిడ్డు రాచిన గుడ్డముక్క చుట్టి సుత్తితో దిగగొట్టేవారు. ఆ గుడ్డ పలుచగాను, నేత దట్టంగాను ఉండాలి. లేకపోతే గాళ్లలో చినిగిపోతుంది. సిరిసిల్ల మగ్గాల మధ్య పుట్టిన పిల్లవాడికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. అయినా యుద్ధరంగంలో సుత్తి కొట్టుకొంటూ కూర్చునే తీరిక ఎవరికి?

దీనికి పరిష్కారం మన దక్షిణదేశంలోనే కంటబడిందని చెప్తారు. ఇక్కడి ఊదుగొట్టపు బాణాలకు వెనుక మెత్తని బెండు ఉండటం, ఊదినప్పుడు అది ఉబ్బి గొట్టాన్ని మూసివేయటం కెప్టెన్ నార్టన్ అనే ఆంగ్ల సైనికుడు చూచాడట. 1823లో ఆయన అడుగున బోలు గల పొడవు గుండు చేశాడు. మందు పేలినప్పుడు బోలు విచ్చుకొని గాళ్లను పట్టుకొంటుంది. పై అధికారులు దానిని త్రోసిపుచ్చారు. 1849లో ఫ్రెంచి కెప్టెన్ మినియే ఇటువంటిదే చేసి పేరు పొందాడు. తరువాత విట్‌వర్త్ అనే యంత్రశిల్పి గొట్టపు వ్యాసాన్ని 0.451 అంగుళానికి తగ్గించి, గుండును ఇంకా పొడవు చేసి, ఇరవై అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టంతో 1857లో పరీక్షకు నిలిచాడు. సైనికుల ఎన్‌ఫీల్డు రైఫిలు గురి తప్పే దూరాన అది గురి తప్పలేదు.

అందరూ ఒప్పుకొన్నారనుకోకూడదు. మధ్యపరగణాల అడవులలో పనిచేసిన కెప్టెన్ ఫోర్సైత్ వేట రైఫిలు మీద ఒక పుస్తకమే వ్రాసి, పెద్ద గుండ్రని గుండే మేలని గట్టిగా వాదించాడు. ఆయన వాదం తెలివితక్కువది కాదు. గోదావరి ఒడ్డు అడవులలో పులి కనబడేది యాభై గజాలలోపే. అంత దగ్గర గాలి నిరోధం పెద్ద లెక్క కాదు. తేలిక గుండు ఎక్కువ వేగంతో బయలుదేరి తిన్నగా పోతుంది. ఏ దూరానికి అనే ప్రశ్న వేయకుండా ఏ గుండు మంచిది అని అడగటంలో అర్థం లేదు.

దూరం కోరినవారు మాత్రం సీసానికి కాగితం తొడిగారు. 1874లో అమెరికాలోని క్రీడ్‌మూర్‌లో ఐర్లండు, అమెరికా జట్లు 800, 900, 1,000 గజాల దూరాన పోటీపడినప్పుడు, పొడవాటి సీసపు గుండ్లకు సన్నని కాగితం చుట్టి వాడారు. అమెరికా 934, ఐర్లండు 931. గొట్టంలో ఉన్నంతసేపు చిరగకుండా సీసాన్ని కాపాడి, బయటికి రాగానే ఊడిపోవలసిన కాగితం అది. పట్వారీల దస్త్రాలకు గట్టి కాగితం చేసి పేరు తెచ్చుకొన్న కోరుట్ల కాగితపు పనివారికి, చిరుగు అనేది ఎంత పెద్ద విషయమో బాగా తెలుసు. తరువాత కాగితం పోయి రాగి తొడుగు వచ్చింది. 1898లో ఫ్రెంచివారు మొన దేరిన, వెనుక పడవ అడుగు వలె సన్నబడిన గుండును సైన్యానికి ఇచ్చారు. గుండు వెనుక ఏర్పడే శూన్యం కూడా దానిని లాగుతుంది గనుక, ముందు మొన ఎంత ముఖ్యమో వెనుక కొన కూడా అంతే.

ఇప్పుడు మాగ్నం రైఫిలు సంగతి. పెద్ద మద్యపు సీసాకు ఉన్న ఈ లాటిను పేరు, ఎక్కువ మందు పట్టే తూటాలకు వచ్చింది. 1963లో వెలువడిన 0.300 విన్‌చెస్టర్ మాగ్నం తీసుకొందాం. దానిలో వాడే గుండ్లలో ఒకటి 180 గ్రెయిన్లు, అంటే సరిగా మన పాత తులం. వ్యాసం 0.308 అంగుళం. అదే వ్యాసంలో సీసపు గోళం చేస్తే పావు తులం తూగదు. ఈ తులం గుండుకు చదరపు సెంటీమీటరుకు 24 గ్రాములు పడుతున్నవి. మూడు రెట్లు బరువైన రాబిన్స్ గుండుకు పడిన దానికి ఇది దాదాపు రెట్టింపు.

తూటాలు తామే నింపుకొనేవారు గుండును ఎట్లా ఎన్నుకొంటారు? మొదట గొట్టపు మెలిక చూస్తారు. వులిచ్ ఆచార్యుడు గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి అంచనాకు చాలును: వ్యాసపు వర్గాన్ని 150తో గుణించి గుండు పొడవుతో భాగిస్తే, ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు కావాలో వస్తుంది. 1.3 అంగుళాల పొడవు గుండుకు సుమారు 11. ఆ రైఫిలు గొట్టం మామూలుగా 10 అంగుళాలకు ఒక చుట్టు. గుండు సెకనుకు 3,500 సార్లు తిరుగుతుంది. రెండవది గాలి. 2,900 అడుగుల వేగంతో బయలుదేరిన గుండు నిరోధం లేకపోతే వెయ్యి గజాలను ఒక సెకనులో దాటాలి. నిజానికి ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు పది మైళ్ల ప్రక్కగాలి సెకనుకు 14.7 అడుగులు. ఆలస్యమైన ఆ అర సెకనులో గుండు ఏడడుగులకు పైగా ప్రక్కకు పోతుంది. ఇక్కడ మందు పెంచితే వచ్చే లాభం కొద్ది. గుండు ఆకారం మెరుగైతే ఆ ఆలస్యమే తగ్గుతుంది.

మూడవది సమతూకం. మసాచుసెట్స్ వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ దశాబ్దాల పాటు వేలకొద్దీ గుండ్లు పేల్చి, 1909లో తన ఫలితాలు ప్రకటించాడు. మొన నొక్కుకుపోయినా గురి అంతగా చెడదు. అడుగు అంచు కొంచెం అరిగినా, గరిమనాభి అక్షం నుంచి రవ్వంత తొలగినా గుండు దారి తప్పుతుంది. అందువల్లనే ఒకే పెట్టెలోని గుండ్లను కూడా తూచి, కొలిచి వేరు చేస్తారు. మన దేశంలో 1972 చట్టంతో వేట ఆగిపోయింది. తుపాకికీ తూటాకూ 1959 చట్టం ప్రకారం అనుమతి కావాలి. కనుక ఇక్కడ ఈ తూకమంతా గురిపందెగాళ్ల పని.

ఇటీవల సీసపు విషానికి భయపడి కొన్ని దేశాలలో గుండును పూర్తిగా రాగితో చేస్తున్నారు. రాగి సాంద్రత సుమారు 9, సీసానిది 11.3. అదే తులం బరువు తూగాలంటే రాగి గుండు మరికొంత పొడవు కావాలి. పొడవు పెరిగితే గ్రీన్‌హిల్ సూత్రం ప్రకారం మెలిక బిగుసుకోవాలి. మెలిక వదులుగా ఉన్న పాత గొట్టంలో ఆ గుండు నిలవక పల్టీ కొడుతుంది. అప్పుడు రైఫిలుదారు తేలిక గుండుకు దిగిపోవాలి, లేదా గొట్టమే మార్చుకోవాలి.