ముక్కు ఆపరేషన్ సక్సెస్ అయిందా? చెప్పాల్సింది ఎవరు?

ఈ ఎపిసోడ్‌లో ముక్కు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

మన పెద్దపంజాణి, పుంగనూరు, కుప్పం వైపంతా ఒకప్పుడు మైసూరు సైన్యాలు తిరిగిన నేల. హైదర్ అలీ 1782లో చనిపోయింది మన చిత్తూరు దగ్గరే. ఆయన కొడుకు టిప్పు సుల్తాన్‌కీ ఇంగ్లీషువాళ్లకీ జరిగిన మూడో మైసూరు యుద్ధం 1792లో ముగిసింది. ఆ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలిన కావస్జీ టిప్పు మనుషులకు దొరికిపోయాడు. ముక్కు, ఒక చెయ్యి కోసేశారు.

ఏడాదిపాటు ముక్కు లేకుండానే బతికాడు. తర్వాత పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన ముక్కు కుట్టకుండానే అతికించాడు! ఎలాగంటే, మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని చదును చేసి నుదుటి మీద పెట్టి గీత గీశాడు. ఆ చర్మాన్ని కోసి, కళ్ల మధ్య కొంచెం అతుకు ఉంచి, కిందికి తిప్పి, కాచు పూసి అంటించాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్లారా చూశారు. 1794లో లండన్ పత్రికలో వచ్చింది. అది చదివి కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో అదే పని చేశాడు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ వార్తలో కొత్త ముక్కు చూడ్డానికి బాగుందని రాశారు. కానీ కావస్జీకి గాలి ఆడుతోందా, రాత్రి నిద్ర పడుతోందా? ఆ ముచ్చటే లేదు.

గాలి ఎంత పోతోందో కొలిచే మెషిన్లు తర్వాత వచ్చాయి. చిక్కేంటంటే, మెషిన్ లెక్కకీ మనిషికి అనిపించేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. మెంథాల్ వాసన పీల్చండి, ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది. నిజానికి దారి ఏమీ పెద్దదవ్వదు, చల్లదనం తెలిసే నరాలు మనల్ని నమ్మిస్తాయి.

అందుకే 2004లో అమెరికా డాక్టర్లు 'నోస్ స్కేల్' అని ఐదు ప్రశ్నలు తయారుచేశారు. గత నెలలో ముక్కు దిబ్బడ ఉందా? మూసుకుపోతోందా? ముక్కుతో గాలి పీల్చడం కష్టమా? నిద్ర పాడవుతోందా? పని చేస్తున్నప్పుడు గాలి చాలట్లేదా? ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తాన్ని 5తో గుణిస్తే 100కి స్కోరు. ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ బాధ అన్నమాట!

ఇంకో సంగతి. మన పల్లెల్లో దిబ్బడైనా, మూసుకుపోయినా "ముక్కు పట్టేసింది" అనే అంటాం. మాట అర్థం కాకపోతే మార్కు కూడా తప్పే వస్తుంది. అందుకే ప్రశ్నలు మన మాటల్లో ఉండాలి, ముందు మనవాళ్లనే అడిగి చూసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ముక్కు దూలం వంకరకు ఆపరేషన్ అంటే, ముందురోజే ఆ ఐదు మార్కులు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మూడు నెలలయ్యాక మళ్లీ రాసి, రెండూ డాక్టరుగారికి చూపించండి. తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. కావస్జీని ఎవరూ అడగలేదు. మనం అడిగించుకుందాం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి!