బొమ్మ కింది అక్షరం: తిరుత్తణి, తిరువళ్ళూరు గోడల గురించి

పాత తెలుగులో 'వ్రాయు' అన్న క్రియకు అక్షరాలు రాయడమనే కాక బొమ్మ గీయడమనే అర్థం కూడా ఉంది. చిత్తరువులు 'వ్రాసేవారు'. తమిళంలో 'ఎళుదు' అన్న క్రియ కూడా అంతే. అక్షరాన్నీ, ఓవియాన్నీ, అంటే చిత్రాన్నీ, రెండింటినీ 'ఎళుదే'వారు. ఇరుగుపొరుగు భాషలు రెండూ ఈ రెండు పనులను ఒకే మాటతో చెప్పడం గమనించదగిన విషయం. గోడ మీది బొమ్మనూ దాని కింది అక్షరాన్నీ విడదీసి చూడకూడదన్నది ఈ వ్యాసంలో ప్రధానాంశం. తిరుత్తణి, తిరువళ్ళూరు వంటి రెండు భాషల పట్టణాల్లో ఈ అంశానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది.

ఈ పట్టణాల చరిత్రను ముందుగా చెప్పుకోవాలి. తిరువళ్ళూరు 1997 వరకు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. అక్కడి వీరరాఘవస్వామి ఆలయం అహోబిల మఠం నిర్వహణలో ఉంది. ఆ మఠం పేరులోని అహోబిలం తెలుగునాట నల్లమల కొండల్లోది. తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉండేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తెలుగు కుటుంబంలో అక్కడే పుట్టారు. రాష్ట్రాల పునర్విభజన తర్వాత సరిహద్దు వివాదాన్ని హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వానికి వదిలారు. ఆయన తీర్పును అనుసరించి 1959లో చట్టం చేశారు. అది 1960 ఏప్రిల్ 1న అమలులోకి రావడంతో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. 1997లో తిరువళ్ళూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో భాగమయింది. సరిహద్దు ఎక్కడ గీసినా అటూ ఇటూ రెండు భాషలవాళ్ళూ మిగిలారు.

ఇక చిత్రాల సంగతి. తమిళదేశంలో గోడల మీదా పైకప్పుల మీదా తెలుగు కనిపించడం కొత్త కాదు. తిరువణ్ణామలై జిల్లాలోని చెంగం వేణుగోపాల పార్థసారథి ఆలయంలో మంటపపు పైకప్పు మీద నాయకుల కాలంనాటి రామాయణ చిత్రాలున్నాయి. వాటిలో యుద్ధకాండ ఘట్టాలే ఎక్కువ. బొమ్మల వెంట తెలుగులోనూ తమిళంలోనూ వివరణలు రాశారు. కథాక్రమం వాల్మీకాన్ని గాక మన రంగనాథ రామాయణాన్ని అనుసరిస్తుందని ఆర్. నాగస్వామి వంటి పరిశోధకులు గుర్తించారు. అంటే పదమూడవ శతాబ్దపు ద్విపద కావ్యం ఒకటి పుస్తకం విప్పలేని జనానికి తమిళదేశంలో బొమ్మల రూపంలో అందింది. చూసేవాడు ఏ భాషవాడైనా కథ తప్పిపోకుండా రెండు లిపులూ అండగా నిలిచాయి.

తిరుత్తణికి ఉత్తరాన ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ పటాలదీ ఇదే పద్ధతి. వస్త్రాన్ని అరలు అరలుగా విభజించి, అరకొక ఘట్టం వేసి, పట్టీలో తెలుగులో వివరణ రాస్తారు. బొమ్మ వేసే కలమూ అక్షరం రాసే కలమూ అక్కడ ఒక్కటే. ఆ కళ క్షీణించిన దశలో, 1957లో, అఖిల భారత హస్తకళల మండలి తరఫున శిక్షణ కేంద్రం పెట్టడం వల్ల మళ్ళీ నిలదొక్కుకున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చెంగం గోడల మీద తెలుగు ఉన్నదంటే అది నాయకుల ఏలుబడి వల్ల. అప్పుడు తెలుగు అధికారం ఉన్నవాళ్ళ భాష. ఈనాడు తిరుత్తణి ప్రాంతంలో అది ఇంటి భాష, పొలం భాష, పెళ్ళి పిలుపుల భాష. ఆ రోజులను చూపించి ఈ రోజు హక్కు అడగడం సరైన వాదం కాదు. ఆ బొమ్మల నుంచి మనం తీసుకోదగింది వేరే ఉంది. ఒకే బొమ్మకు రెండు లిపుల్లో వివరణ ఉంటే ఏ భాషకూ నష్టం లేదన్నదే ఆ పాఠం.

1959 మరో రకంగా కూడా గుర్తుంచుకోదగిన సంవత్సరం. బహిరంగ స్థలాలను ప్రకటనలతో వికృతం చేయకుండా మద్రాసు ప్రభుత్వం ఆ ఏడే ఒక చట్టం చేసింది. చట్టం ఉన్నా తమిళనాట గోడ రాజకీయపు పలకగానే కొనసాగింది. 2009-10 ప్రాంతంలో చెన్నై నగరపాలక సంస్థ అన్నా సాలై వంటి వీధుల్లో పోస్టర్లను నిషేధించి, ఆ గోడల మీద తమిళ చరిత్రనూ సంస్కృతినీ చూపే బొమ్మలు వేయించింది. వినైల్ ముద్రణ వచ్చి పని పోయిన సినిమా బ్యానర్ల చిత్రకారులకు అందులో కొంత పని దొరికింది. 2014 తర్వాత స్వచ్ఛ భారత్ పేరుతో చిన్న పట్టణాల మునిసిపాలిటీలు కూడా గోడలకు బొమ్మలు వేయించడం దేశమంతటా మామూలయింది.

కాబట్టి ప్రశ్న ఇది: గుడి, కోనేరు, మాడవీధులు, బజారు కలిసిన ఈ పాత ఊళ్ళ గోడల మీద ఊరి చరిత్రను రాస్తే, ఎవరి చరిత్ర రాస్తాము, ఏ లిపిలో రాస్తాము? కెనడాలో, వాంకూవర్ దీవిలోని షెమైనస్ అనే చిన్న ఊరి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కలప మిల్లు మీద బతికే ఆ ఊరు, మిల్లు 1983లో మూతపడడానికి ముందే, 1982లో తన వీధుల గోడల మీద స్థానిక చరిత్రను చిత్రించడం మొదలుపెట్టింది. కాలక్రమంలో ఆదివాసులూ, చైనా, జపాన్ దేశాల నుంచి వచ్చి అక్కడ పనిచేసినవాళ్ళూ ఆ గోడలకెక్కారు. ఊళ్ళో సంఖ్య తక్కువైనవాళ్ళకు గోడ మీద చోటు దొరకడం వల్ల ఆ ఊరికి పేరు వచ్చిందే గాని పోలేదు.

మన పట్టణాల్లో ఈ విషయం మరింత సున్నితమైనది. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం బడుల్లో ఒకటో తరగతి నుంచి క్రమంగా తమిళం తప్పనిసరి అయింది. తెలుగు మాతృభాషగా ఉన్న విద్యార్థులు కోర్టులకెక్కి, పదో తరగతి పరీక్షలో తమిళం నుంచి తాత్కాలిక మినహాయింపులు పొందుతూ వచ్చారు. తమిళం నేర్చుకోవడం తప్పు కాదు, అక్కడ బతికేవారికి అవసరం కూడా. కాని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని తరం ఒకటి తయారవుతోంది. మాట నిలిచి లిపి జారిపోయిన స్థితిని భాషాశాస్త్రం తేలికగా తీసుకోదు. రాతతో సంబంధం తెగిన మాండలికానికి సొంత సాహిత్యం అందదు. బయటి తెలుగు దానికి పరాయిదవుతుంది.

బొమ్మ కింది అక్షరం విలువ ఇక్కడే తెలుస్తుంది. తిరుత్తణిలో రాధాకృష్ణన్ బొమ్మను చూసిన పిల్లవాడికి ఆయన ఎవరో ముందే తెలుసు. కింద తమిళంలో ఒక పంక్తి, తెలుగులో ఒక పంక్తి ఉంటే, తెలిసిన పేరు సాయంతో తెలియని లిపిని తానే కూడబలుక్కుంటాడు. సత్యవేడు గోడల మీద తమిళానికి కూడా ఇదే చోటు ఇవ్వాలి. ఇవ్వకుండా ఇక్కడ అడగడానికి మనకు నోరుండదు.

తెలుగుదేశానికి వెలుపల తెలుగు చదువుతున్న విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. శాసనాలకు సంపుటాలున్నాయి. సున్నం గోడ మీది రాతకు అవి లేవు. ఏటా వెల్లవేసినప్పుడల్లా ఒక పొర చెరిగిపోతుంది. మీ ఊరి గోడల మీద, దుకాణాల మీద, సత్రాల మీద, గుడి విరాళాల పలకల మీద మిగిలిన తెలుగును ఫొటో తీయండి. వర్ణక్రమాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. వీధి పేరు, తేదీ, పక్కన ఉన్న తమిళ పాఠం కూడా చేర్చండి. రేపు ఏ మునిసిపాలిటీ అయినా బొమ్మలు వేయించడానికి పూనుకుంటే, రెండు లిపులు ఈ ఊరికి కొత్త కాదని చూపడానికి ఆ పట్టికే ఆధారం.