అద్దం అవతల తల్లి

నెలలు నిండకుండానే బిడ్డను కన్న తల్లులు మన మధ్య చాలామందే ఉన్నారు. మా పెద్దవాడు 29వ వారంలో పుట్టాడు. వాణ్ణి ముట్టుకోవాలంటే ప్రతిసారీ నర్సును అడగాల్సి వచ్చేది. తల్లిని బయట నిలబెట్టే ఈ పద్ధతి ఎక్కడ మొదలైందా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టాను.

చిత్రమేమిటంటే, మొదట్లో ఇలా లేదు. పారిస్‌లో తార్నియే అనే డాక్టరు జూలో కోడిగుడ్లు పొదిగే పెట్టెలు చూసి, అలాంటివే పసిపిల్లలకు చేయించి 1880లో ఆసుపత్రిలో పెట్టించాడు. ఆయన శిష్యుడు బ్యుదాన్ 1900లో అచ్చువేసిన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. పాలిచ్చే అవకాశం లేక బిడ్డకు దూరమైన తల్లులకు, కొన్నాళ్ళకు ఆ బిడ్డ మీద ధ్యాసే తగ్గిపోతోందట. అందుకని తల్లులు వచ్చి పాలివ్వాలని ఆయన పట్టుబట్టాడు.

తర్వాత ఆ పెట్టెలు సంతకెక్కాయి! నిజంగానే. మార్టిన్ కూనీ అనే ఆయన 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఏడెనిమిది నెలలకే పుట్టిన పిల్లల్ని ఇన్‌క్యుబేటర్లలో పెట్టి, పాతిక సెంట్ల టిక్కెట్టు మీద జనానికి చూపించాడు. వినడానికి ఘోరంగా ఉన్నా ఆయన్ని తిట్టబుద్ధి కాదు. అప్పట్లో చాలా ఆసుపత్రులు ఇలాంటి పిల్లల్ని పట్టించుకునేవి కావు. ఆ టిక్కెట్ల డబ్బుతోనే వేలమంది బతికారు, తల్లిదండ్రుల దగ్గర ఆయన పైసా తీసుకోలేదు. కాని తల్లికి అక్కడ పనేమీ లేదు, ఉచిత పాసు మీద వచ్చి చూసి వెళ్ళడమే. బిడ్డ కోలుకున్నాక ఇంటికి తీసుకెళ్ళమని కొందరిని ఒప్పించడం కష్టమయ్యేదని తర్వాతివాళ్ళు రాశారు.

ఆసుపత్రులు ఈ పని చేపట్టాక అంటురోగాల భయంతో తలుపులు మూశాయి. 1960ల దాకా అంతే. స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ధైర్యంచేసి తల్లుల్ని లోపలికి రానిచ్చి, చేతులు కడిగించి, బిడ్డను ముట్టుకోనిచ్చారు. అంటురోగాలేమీ పెరగలేదని 1970లో ప్రకటించారు. వారిలో ఒకరైన మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్‌తో కలిసి 1976లో పుస్తకం రాశాక 'బాండింగ్' అనే మాట ఇంటింటికీ పాకింది. మన ఇళ్ళలో 'మాలిమి' అంటామే, దాదాపు అదే.

ఆ పుస్తకం మేలుతో పాటు ఒక బెంగ కూడా తెచ్చింది. పుట్టిన తొలి గంటలు దాటితే బంధం కుదరదేమోనని తల్లులు కుమిలిపోయారు. తర్వాతి పరిశోధకులు దాన్ని ఒప్పుకోలేదు, ఆ రచయితలూ తమ మాట సడలించుకున్నారు. మాలిమి ఒక్క పూటలో వచ్చేదీ కాదు, పోయేదీ కాదు. వారాల తరబడి అద్దం ఇవతల నిలబడ్డ తల్లులు ఈ ఒక్క ముక్క గట్టిగా వినాలి.

అసలు మలుపు కొలంబియాలో వచ్చింది. 1978లో బొగోటాలోని ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో ఇన్‌క్యుబేటర్లు చాలక, అంటురోగాలు ఎక్కువై, బిడ్డల్ని వదిలి వెళ్ళేవాళ్ళు ఉండగా, డాక్టర్ ఎడ్గార్ రే తల్లి గుండెల మీదే బిడ్డను నిలువుగా, ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టించాడు. మరుసటి ఏడు డాక్టర్ హెక్టర్ మార్తీనెజ్ తోడయ్యాడు. అదే కంగారూ పద్ధతి. పేదవాళ్ళ ఉపాయమని చాలాకాలం చులకనగా చూశారు.

2021లో వెలువడిన అధ్యయనం ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, పూర్తిగా కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే గుండెలకు హత్తుకున్నారు. మామూలు పద్ధతిలో తొలి 28 రోజుల్లో నూటికి 15.7 మంది చనిపోతే, ఇక్కడ 12 మందే. ఇందుకోసం తల్లుల మంచాలను ఐసీయూ లోపలే వేశారు. తల్లికి ఓపిక లేనప్పుడు ఆమె ఎంచుకున్న మరో మనిషి బిడ్డను ఎత్తుకోవచ్చు. పురిటికి ఇండియా నుంచి వచ్చి, వెయిటింగ్ రూములో కూర్చున్న అమ్మమ్మలు ఆ మరో మనిషి కాగలరేమో, మీ నర్సును అడిగి చూడండి.