ప్రశ్నావళి చరిత్ర - ప్రశ్నించుటలో శిక్షణము

తాళపత్రమును చదువుటకును, శాసనలిపిని గుర్తించుటకును శిక్షణ మవసరమని మన మందఱ మంగీకరింతుము. మనుష్యుని ప్రశ్నించి సమాధానము రాబట్టుటకు గూడ శిక్షణ మవసరమని మాత్రము తలపము. విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఈ విద్యను నేర్పు యత్నము దక్షిణదేశమున నెట్లు ప్రారంభమైనదో, దానినుండి తెలుగు శాఖలు గ్రహింపదగిన దేమో యిచట సంగ్రహముగా విచారింతును.

1915లో గిల్బర్ట్ స్లేటరు మద్రాసు విశ్వవిద్యాలయమునకు భారతీయార్థశాస్త్ర ప్రథమాచార్యుడుగా వచ్చెను. అంతకు పూర్వ మాయన, శ్రామికుల విద్యకై యేర్పడిన ఆక్స్‌ఫర్డులోని రస్కిన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో గాని పుట్టలేదు గనుక, నాడు కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలు మద్రాసు పరిధిలోనివే. ఇంగ్లండులో వ్రాసిన పాఠ్యగ్రంథములు ఈ దేశపు పల్లెలను బోధింపజాలవు. కావున స్లేటరు జనసంఖ్య, భూమి, పంటలు, కూలి, అప్పులు మొదలగు విషయములపై ప్రశ్నావళిని సిద్ధపఱచి, సెలవులకు ఇండ్లకు బోవు విద్యార్థుల చేతికిచ్చెను. వారు తమ కెఱుకైన యూళ్లనే పరిశీలించిరి. ఆ నివేదికలతో 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విల్లేజస్’ అను గ్రంథము వెలువడెను.

ఈ పద్ధతి యందలి మేలు స్పష్టము. సొంత యూరిలో విద్యార్థికి భాషయు, చనువును ముందే సిద్ధముగా నుండును. కొత్తవాడు వచ్చి భూమి లెక్క లడిగినచో శిస్తు పెరుగునేమో యని రైతు జంకును; ఎఱిగిన పిల్లవానితో నట్లు జంకడు. కాని యీ మేలులోనే యొక లోపము గలదు. నాడు కళాశాలకు రాగలిగిన వారిలో భూవసతి గల కుటుంబముల వారు పెక్కురు. తన తండ్రి పొలమున పనిచేయు పాలేరును “నీ కూలి యెంత? నీ యప్పెంత?” అని కుమారుడే యడిగినచో, వచ్చిన సమాధానమును నిస్సంశయముగా గైకొనవచ్చునా? ప్రశ్నతోపాటు ప్రశ్నించువాని స్థానమును గూడ నమోదు చేయవలెనని యిందువలన తేలుచున్నది.

అయినను ఆ నివేదికల విలువ కాలక్రమమున పెరిగెను. 1930లలో పి. జె. థామస్, కె. సి. రామకృష్ణన్ గార్ల నేతృత్వమున ఆ గ్రామముల పునఃపరిశీలనము జరిగి, 1940లో గ్రంథమయ్యెను. ఇరువేల్పట్టు మొదలగు తమిళ గ్రామములను 1980లలో మఱల పరిశీలించిరి. ఎవరి యూరిని ఏ సంవత్సరమున నడిగిరో తెలియుటచేతనే యిది సాధ్యమైనది.

మన భాషకు వత్తుము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, వ్యవసాయ పదములతో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తిపదకోశము’ గ్రంథములనుండి గాక రైతుల నోటినుండి పుట్టినది. అట్టి సేకరణకు విద్యార్థులను సిద్ధపఱచుటలో నేను మొదట విఫలుడనైతిని. సూత్రములను నల్లబల్లపై వ్రాసి వారిని పల్లెకు బంపితిని. “దీనిని నాగలి యందురు గదా?” అని యడిగి, “ఔను” అను సమాధానములను మూటగట్టుకొని వచ్చిరి.

మఱుసటి యేడు పల్లెకు బోవుటకు ముందే వసతిగృహ ప్రాంగణమున నొక సాయంకాలము వ్యవసాయపు పనిముట్లను పఱచితిమి. సగము మంది యడుగువారు, సగము మంది చెప్పువారు. పిదప స్థానములు మార్చుకొనిరి. పేరు చెప్పక, వస్తువును జూపి మాత్రమే యడుగవలెనని నియమము. కోస్తావారు నాగలి యన్నదానిని రాయలసీమ విద్యార్థి యొకడు మడక యనెను. తోటివారు నవ్విరి. అతడు తక్కిన పనిముట్లకు నాగలి యన్నవారి పేర్లనే చెప్పసాగెను. ప్రశ్నించువాని నవ్వు సమాధానము నెట్లు మార్చునో అందఱును కన్నులార చూచిరి. ఆ యేడు పల్లెలో నెవ్వరును నవ్వలేదు.

కావున ప్రతి శాఖయు క్షేత్రపర్యటనకు ముందు ఇట్టి యభ్యాసమును జరుపుట మేలు. నింపిన ప్రశ్నావళులను, అడిగినవాని పేరు, ఊరు, తేదీలతో భద్రపఱచుటయు నావశ్యకము. మన పిదప మఱియొకరు అదే ప్రశ్నతో అదే యూరికి బోవలసి యుండును.