రుజువు చూపాల్సింది ఎవరు?

1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, పేదలకు వైద్యం చేసే జెఫర్సన్ డేవిస్ ఆసుపత్రికి ఒక మహిళ వెళ్లింది. ఛాతీ మీది పచ్చబొట్టు చెరిపించుకోవడం ఆమె పని. అక్కడి ప్లాస్టిక్ సర్జన్లే కొత్త ఆపరేషన్ సంగతి ఎత్తారు. థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఆ ఇద్దరు డాక్టర్లు డౌ కార్నింగ్ కంపెనీతో కలిసి సిలికాన్ జెల్ నింపిన సంచి ఒకటి తయారు చేశారు. ఒక కుక్కలో దాన్ని పెట్టి చూశారు. ఆ తర్వాత ఈ మహిళ రొమ్ముల్లో అమర్చారు. ప్రపంచంలో మొదటి సిలికాన్ రొమ్ము ఇంప్లాంట్లు అవే. పదేళ్లకు, ఇరవై ఏళ్లకు శరీరంలో అవి ఏమవుతాయన్న ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు వచ్చేదాకా ఆగాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఆ తర్వాతి అరవై ఏళ్లలో నీరసం, కీళ్లనొప్పులు, మతిమరుపు, దద్దుర్లతో విసిగి వాటిని తీయించుకుంటామన్న స్త్రీలకు మాత్రం ఒకే ప్రశ్న ఎదురైంది: నీ బాధకు ఇవే కారణమని రుజువేది? పెట్టేటప్పుడు ఎవరూ అడగని రుజువును తీయమన్నప్పుడు అడగడం అన్యాయమని ఈ చరిత్ర చదివినకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

రుజువు ఎందుకు లేకపోయిందో ముందు చూడాలి. వైద్య పరికరాల మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు పూర్తి అధికారం ఇచ్చిన చట్టం 1976లో వచ్చింది. రొమ్ము ఇంప్లాంట్లు అప్పటికే బజారులో ఉన్నాయి కాబట్టి, పాత సరుకు అన్న లెక్కన పరీక్షలు లేకుండానే అమ్మకం సాగింది. అత్యధిక ప్రమాదం గల పరికరాల జాబితాలోకి వాటిని చేర్చింది 1988లో. భద్రతకు ఆధారాలు సమర్పించమని కంపెనీలను ఆదేశించింది 1991లో. అంటే మొదటి ఆపరేషన్ జరిగిన దాదాపు ముప్పై ఏళ్లకు! ఈలోగా కంపెనీకి ఏమీ తెలియదనుకుంటే పొరపాటే. నమూనాలను చేతిలో కాసేపు పిసికితే జిడ్డుదేలుతున్నాయనీ, డాక్టర్లకు చూపే ముందు కడిగి తుడవమనీ 1975లో డౌ కార్నింగ్ తన అమ్మకందారులకు చెప్పుకుంది. జెల్ తొడుగులోంచి బయటికి ఊరుతోందని దాని అర్థం. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక బాధితురాలి దావాలో ఇలాంటి పత్రాలు బయటపడ్డాయి, కంపెనీ మోసం చేసిందని జ్యూరీ తేల్చింది. కానీ ఆ పత్రాలను రహస్యంగా ఉంచాలన్న ఉత్తర్వు వల్ల అవి ఏళ్ల తరబడి ప్రజల కంట పడలేదు. చివరికి 1992 జనవరిలో ఎఫ్‌డీఏ కమిషనర్ డేవిడ్ కెస్లర్ జెల్ ఇంప్లాంట్ల వాడకం ఆపమని కోరాడు. అవి హానికరమని తేలిందని ఆయన అనలేదు. సురక్షితమని కంపెనీలు చూపలేకపోయాయన్నాడు. రుజువు భారం ఎవరి భుజాన ఉండాలో అధికారంలో ఉన్న ఒక మనిషి స్పష్టంగా చెప్పిన సందర్భం అది.

కానీ వివాదం కోర్టులకెక్కేసరికి ఆ భారం మళ్లీ స్త్రీల మీదికే వచ్చింది. వేల దావాలు, 1994లో 425 కోట్ల డాలర్ల ఉమ్మడి పరిహార ఒప్పందం, 1995లో డౌ కార్నింగ్ దివాలా రక్షణ పిటిషన్, ఇవన్నీ వరసగా జరిగిపోయాయి. అదే సమయంలో శాస్త్రవేత్తల అధ్యయనాలు కూడా రావడం మొదలైంది. 1994లో మేయో క్లినిక్ పరిశోధకులు ఇంప్లాంట్లున్న 749 మంది స్త్రీలను లేనివారితో పోల్చి, కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులు వారిలో ఎక్కువగా లేవని ప్రకటించారు. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక కూడా ఒళ్లంతా పాకే జబ్బులకు ఇంప్లాంట్లు కారణమనడానికి ఆధారం లేదంది. ఈ అధ్యయనాలను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఇంప్లాంట్లున్న ప్రతి స్త్రీకీ లూపస్ వస్తుందన్న ఆనాటి ప్రచారం తప్పు, దాన్ని తప్పని చూపడం శాస్త్రం చేసిన మేలు. అయితే ఆ నివేదికలోని రెండో సగాన్ని చాలామంది చదవకుండా వదిలేశారు. సంచి చిరగడం, చుట్టూ శరీరం అల్లుకున్న పొర బిగుసుకుపోయి రొమ్ము రాయిలా గట్టిపడి నొప్పి పుట్టడం, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి రావడం, ఇవి తరచుగా జరుగుతున్నాయనీ, అసలైన ప్రమాదం ఇదేననీ అందులోనే రాసి ఉంది. పైగా ఆనాటి అధ్యయనాలు ప్రధానంగా వెతికింది పేరున్న జబ్బుల కోసం. ఏ పేరుకూ లొంగని నీరసం, మెదడు మొద్దుబారినట్లుండటం వంటి లక్షణాల గుంపును కొలవడానికి అవి చాలవు. 2018లో ఇజ్రాయెల్‌లో 24 వేల మందికి పైగా ఇంప్లాంట్లున్న స్త్రీల రికార్డులు పరిశీలించినప్పుడు ఆటోఇమ్యూన్ జబ్బులతో ఓ మోస్తరు సంబంధం కనిపించింది. అది కారణమని నిరూపించలేదు, ప్రశ్న ముగిసిపోలేదని మాత్రం చూపింది.

ఇంకో సంగతి ఉంది. 2006లో ఎఫ్‌డీఏ జెల్ ఇంప్లాంట్లను మళ్లీ అనుమతిస్తూ, రెండు కంపెనీలు చెరో 40 వేల మంది స్త్రీలను పదేళ్లు గమనించాలని షరతు పెట్టింది. 2011లో లెక్క చూస్తే మెంటర్ కంపెనీ అధ్యయనంలో మూడేళ్లకు సమాచారం అందింది 21 శాతం మంది నుంచే. ఆధారాలు సేకరించాల్సినవారు సేకరించకపోతే, ఆధారాలు లేవన్న మాటను బాధితురాలి మీద ఎలా ప్రయోగిస్తారు?

ఆధారాలు పూర్తిగా రాకముందే నిర్ణయం ఎలా తీసుకోవచ్చో ఫ్రాన్స్, బ్రిటన్ చూపించాయి. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇదే. ఫ్రాన్స్‌లోని పీఐపీ కంపెనీ వైద్యానికి పనికొచ్చే సిలికాన్‌కు బదులు చవకరకం పారిశ్రామిక సిలికాన్ నింపి లక్షల మందికి అమ్మింది. 2010లో మోసం బయటపడింది, 2013లో యజమాని జాన్ క్లోడ్ మాస్‌కు నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. 2011 డిసెంబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం సుమారు 30 వేల మంది స్త్రీలకు ముందుజాగ్రత్తగా తీయించుకోండి, ఖర్చు మాది అని చెప్పింది. బ్రిటన్‌లో బ్రూస్ కియో నేతృత్వంలోని నిపుణుల కమిటీ ఈ ఇంప్లాంట్లు మిగతావాటి కంటే రెట్టింపు చిరుగుతున్నాయనీ, కానీ దీర్ఘకాల విషప్రభావం కనిపించలేదనీ తేల్చింది. అందరూ తప్పనిసరిగా తీయించుకోనక్కర్లేదంది. సరుకు ఒకటే, రెండు దేశాల్లోనూ నిపుణులున్నారు, నిర్ణయాలు మాత్రం వేరు. ఎంత అనిశ్చితిని భరించవచ్చన్నది ప్రయోగశాల ఒక్కటే తేల్చే విషయం కాదు. రెండు ప్రభుత్వాలకు ఉన్న ఆ స్వేచ్ఛ తన ఒంటి విషయంలో ఒక స్త్రీకి ఉండదా?

తీయించుకున్నాక బాగుండటం మనసు భ్రమేనన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. అమెరికాలో 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో 150 మందిని మూడు జట్లుగా చూశారు. లక్షణాలున్నాయని తీయించుకున్నవారిలో చాలామందికి కొద్ది వారాల్లోనే ఉపశమనం కలిగింది, నెలల తర్వాత కూడా అది నిలిచింది. ఇందులో నమ్మకం పాత్ర ఎంతో ఈ అధ్యయనం విడదీయలేదు. అయినా బాధ తగ్గడమే వైద్యం లక్ష్యమైనప్పుడు, నెలల తరబడి నిలిచిన ఉపశమనాన్ని భ్రమ అని తోసేయడం నాకు సమంజసంగా తోచదు. అదే అధ్యయనం మరో వైపు నుంచీ హెచ్చరించింది. చుట్టూ ఉన్న పొరనంతా సంచితో సహా ఒకే ముక్కగా కోసి తీస్తేనే ఆరోగ్యం కుదుటపడుతుందన్న ప్రచారానికి అందులో బలం దొరకలేదు. అనవసరంగా పొరంతా తీసే ఆపరేషన్‌లో రక్తస్రావం, ఊపిరితిత్తుల పైపొరకు గాయం వంటి ముప్పులున్నాయి. అనారోగ్యంతో ఉన్న స్త్రీ భయాన్ని కొందరు వ్యాపారం చేసుకుంటున్నారన్న విమర్శ ఇక్కడ న్యాయమైనదే.

మరి ఇంప్లాంట్లు ఉన్నవారంతా పరుగెత్తి తీయించుకోవాలా? అక్కర్లేదు. ఇంప్లాంట్ల చుట్టూ అరుదైన లింఫోమా క్యాన్సర్ రావచ్చని ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. 2019 జులైలో ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు లెక్క తేలాక, గరుకు ఉపరితలం ఉన్న బయోసెల్ రకాన్ని వెనక్కి తీసుకోమని అలర్గాన్ కంపెనీని కోరింది. అప్పుడు కూడా లక్షణాలు లేనివారు ముందుగా తీయించుకోనవసరం లేదనే చెప్పింది. 2021 అక్టోబరులో ఇంప్లాంట్ల లేబుల్‌లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఇవి జీవితాంతం ఉండే పరికరాలు కావని అందులో రాయించింది. ఆపరేషన్‌కు ముందే ప్రమాదాల జాబితాను వివరించి స్త్రీ సంతకం తీసుకోవాలని నిబంధన పెట్టింది. నీరసం, కీళ్లనొప్పి, మతిమరుపు ఆ జాబితాలో చేరాయి. 2019లో ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన స్త్రీల పట్టుదల లేకపోతే అవి చేరేవి కావు.

మన దేశంలో వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జులైలో మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. అలా నమోదు చేయించాల్సి వస్తే పనికొచ్చేలా, క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత గానీ, అందం కోసం గానీ ఇంప్లాంట్ పెట్టించుకున్న అక్కచెల్లెళ్లు కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న కార్డును ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి, పోయి ఉంటే రికార్డుల్లోంచి రాయించుకోండి. ఒకవైపు వాపు వచ్చినా, గడ్డ తగిలినా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. తీయించాలనుకుంటే థైరాయిడ్, రక్తహీనత వంటి ఇతర కారణాలు ముందు చూపించుకుని, ఇద్దరు సర్జన్ల అభిప్రాయం తీసుకోండి. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే, ఆ మాట చెప్పడానికి మీరు ఎవరికీ రుజువు చూపనవసరం లేదు.