గంగా తలావ్

గంగా తలావ్ హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో, సవాన్ జిల్లాలో ఉన్న ఒక అగ్నిపర్వత బిలపు సరస్సు. దీనికి గ్రాండ్ బాసిన్ అనే ఫ్రెంచి పేరు కూడా కలదు. సముద్రమట్టానికి సుమారు 1,800 అడుగుల (550 మీటర్ల) ఎత్తున ఉన్న ఈ సరస్సు మారిషస్ హిందువులకు అత్యంత పవిత్రమైన తీర్థం. దీని సమీపంలోనే బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ ఉద్యానవనం ఉన్నది. ప్రపంచంలో మరెక్కడా కనిపించని అనేక పక్షులకు, మొక్కలకు ఈ అడవులు చివరి ఆశ్రయాలు.

పేరు

ఫ్రెంచి భాషలో గ్రాండ్ బాసిన్ అనగా పెద్ద కొలను. భారతదేశం నుండి వచ్చినవారు మొదట దీనిని పరీ తలావ్, అనగా దేవకన్యల చెరువు అని పిలిచేవారు. 1972లో భారతదేశం నుండి తెచ్చిన గంగాజలాన్ని ఈ నీటిలో కలిపిన తరువాత గంగా తలావ్ అనే పేరు స్థిరపడింది. 1998లో దీనిని పవిత్ర సరస్సుగా ప్రకటించారు.

ఏర్పడిన విధము

మారిషస్ ద్వీపం మొత్తం అగ్నిపర్వతాల వలన ఏర్పడినదే. సముద్రగర్భం నుండి వెలువడిన లావా పొరలు పొరలుగా పేరుకొని, సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం నాటికి ద్వీపంగా పైకి లేచింది. ఆ తరువాత చాలాకాలం విరామమిస్తూ పలుమార్లు అగ్నిపర్వతాలు పేలాయి. ప్రస్తుతం ఇక్కడ రగులుతున్న అగ్నిపర్వతాలు లేవు. చల్లారిన బిలాలు మాత్రం ద్వీపం మధ్యభాగంలో ఇప్పటికీ కనిపిస్తాయి. క్యూర్‌పిప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్ వీటిలో ప్రసిద్ధమైనది.

అగ్నిపర్వతం చల్లారిన తరువాత దాని బిలం గిన్నెవలె మిగిలిపోతుంది. అడుగుభాగం నీటిని నిలుపగలిగినచోట వర్షపునీరు చేరి సరస్సు అవుతుంది. ద్వీపపు నైరుతి ఎత్తుప్రదేశాలలో సంవత్సరానికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వరకు వర్షం పడుతుంది. గంగా తలావ్‌కు దక్షిణాన అడవిలో ఉన్న బాసిన్ బ్లాంక్ కూడా ఇటువంటి బిలపు సరస్సే.

బిలపు సరస్సులన్నీ అగ్నిపర్వతాల వలన ఏర్పడినవి కావు. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు కూడా అగ్నిపర్వత శిల అయిన బసాల్ట్‌లోనే ఉన్నది. అందువలన దానిని పూర్వం అగ్నిపర్వత బిలమని భావించారు. అది ఆకాశం నుండి పడిన శిల తాకిడికి ఏర్పడినదని తరువాతి పరిశోధనలలో తేలింది.

తీర్థంగా చరిత్ర

బ్రిటిష్ వారి పాలనలో 1834 నుండి చెరకు తోటలలో పనిచేయుటకు భారతదేశం నుండి కూలీలను ఒప్పందంపై మారిషస్‌కు తరలించారు. కోరంగి, విశాఖపట్నం వంటి రేవుల నుండి ఓడలెక్కిన తెలుగువారు కూడా వీరిలో ఉన్నారు. 1897లో ట్రియోలే గ్రామ పూజారి ఝుమ్మన్ గిరి గోసాయికి ఈ సరస్సు నీరు గంగానది నుండి ఉబికి వస్తున్నట్లు కల వచ్చిందని చెబుతారు. మరుసటి సంవత్సరం భక్తులు కాలినడకన వచ్చి, ఈ నీటిని తీసుకొని వెళ్ళి మహాశివరాత్రినాడు శివునికి అభిషేకం చేశారు. ఆ సంప్రదాయం నేటికీ కొనసాగుతున్నది.

శివుడు గంగను శిరస్సున ధరించి పార్వతితో కలసి లోకసంచారం చేస్తుండగా కొన్ని నీటిచుక్కలు ఇక్కడ పడ్డాయని స్థలపురాణం. జనం లేని దీవిలో తన నీరు మిగిలిపోయినదని గంగ బాధపడగా, తన తీరవాసులే ఒకనాడు ఇక్కడకు వచ్చి స్థిరపడతారని శివుడు ఓదార్చాడట. మాతృదేశానికి తిరిగి వెళ్ళలేకపోయిన కూలీల సంతతివారికి ఈ కథ ఎందుకు ప్రియమైనదో ఊహించవచ్చును.

మహాశివరాత్రికి లక్షలాది భక్తులు, అలంకరించిన కావడులతో, ద్వీపం నలుమూలల నుండి నడచి ఇక్కడకు చేరుకుంటారు. సరస్సు ఒడ్డున పలు దేవాలయాలు ఉన్నాయి. సరస్సు దగ్గర 108 అడుగుల ఎత్తున్న మంగళ మహాదేవ విగ్రహాన్ని 2007లో, దుర్గాదేవి విగ్రహాన్ని 2017లో ప్రతిష్ఠించారు. మహాశివరాత్రితో పాటు ఉగాది కూడా మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఈ దేశంలోనే జరిగాయి.

జంతుజాలము, వృక్షజాలము

మానవులు రాకముందు మారిషస్‌లో నేలపై తిరిగే క్షీరదాలు లేవు. గబ్బిలాలు మాత్రమే ఉండేవి. వేటాడే జంతువుల భయం లేనందున ఎగరలేని పక్షులు కూడా నిర్భయంగా జీవించాయి. 1598లో డచ్చివారు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. డోడో పక్షి పదిహేడవ శతాబ్దంలోనే అంతరించిపోయింది. నల్లచేవ చెట్లను కలప కొరకు, మిగిలిన అడవిని చెరకు సాగు కొరకు నరికివేశారు. నేడు చెక్కుచెదరని సహజ అడవి ద్వీప విస్తీర్ణంలో 2 శాతం కూడా లేదు.

మిగిలిన అడవిలో ప్రధానభాగం 1994లో ఏర్పాటైన బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ ఉద్యానవనంలో ఉన్నది. దీని విస్తీర్ణం 6,574 హెక్టార్లు. ఇక్కడి ముఖ్యమైన జీవులు:

* మారిషస్ కెస్ట్రెల్: చిన్న డేగ. అడవుల నరికివేత, డి.డి.టి. వాడకం వలన 1974 నాటికి అడవిలో నాలుగు పక్షులు మాత్రమే మిగిలాయి. గూటి నుండి మొదటి గుడ్లను తీసి కృత్రిమంగా పొదిగించగా, తల్లిపక్షి మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈ పద్ధతి వలన వాటి సంఖ్య వందలకు పెరిగింది. అయినా తిరిగి తగ్గుదల కనిపించడంతో 2014లో దీనిని మరల అపాయంలో ఉన్న జాతిగా చేర్చారు.
* గులాబీ పావురం: 1990 ప్రాంతంలో అడవిలో సుమారు పది మాత్రమే ఉండేవి. బోనులలో పెంచి వదలడం, అదనంగా గింజలు అందించడం వలన కోలుకున్నది.
* ఎకో చిలుక: 1980వ దశకంలో పది, పన్నెండుకు పడిపోయిన ఈ ఆకుపచ్చ చిలుకలు ఇప్పుడు వందల సంఖ్యలో ఉన్నాయి.
* మారిషస్ పండ్ల గబ్బిలం: అడవిచెట్ల గింజలను వ్యాపింపజేస్తుంది. లిచీ, మామిడి తోటలను పాడుచేస్తున్నదని 2015 నుండి ప్రభుత్వం వీటిని పెద్ద ఎత్తున చంపించింది. 2018లో ఇది అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది.
* నీలితోక బల్లి: పగటిపూట తిరిగే రంగురంగుల బల్లి. ఇది పూలలోని తేనె తాగుతూ రౌసియా అనే అరుదైన కొండమొక్కకు పరాగసంపర్కం చేస్తుంది.

సమస్యలు

చెట్లు నరకడం ఆగినంత మాత్రాన అడవి నిలవడం లేదు. ఎర్రని చిన్న పండ్లు కాచే దక్షిణ అమెరికా జామ పొదలు దట్టంగా అల్లుకొని స్థానిక మొలకలకు వెలుతురు అందకుండా చేస్తున్నాయి. కోతులు, పందులు, పక్షులు ఈ పండ్లను తిని గింజలను మరింత దూరం చేరుస్తాయి. బయటినుండి వచ్చిన జింకలు లేతమొక్కలను మేస్తాయి. ఎలుకలు, 1900లో తెచ్చిన ముంగిసలు గుడ్లను, పిల్లలను తింటాయి. ఉద్యానవనంలో కొన్ని భాగాలకు కంచె వేసి, కలుపు తీసి స్థానిక వృక్షాలను కాపాడుతున్నారు.

గంగా తలావ్ విషయంలో కోతుల సమస్య ప్రత్యేకమైనది. ఇక్కడి పొడవుతోక కోతులు నాలుగు శతాబ్దాల క్రితం ఆగ్నేయాసియా నుండి నావికులు తెచ్చినవాటి సంతతి. భక్తులు నివేదించిన పండ్లు, కొబ్బరి వీటికి సులభంగా దొరికే ఆహారం. ఇవే కోతులు అడవిలో పక్షుల గూళ్ళను దోచుకొంటాయి. భక్తితో పెట్టిన పండు ఒడ్డుననే ఉండిపోయినపుడు అది కోతుల మందను పోషిస్తుంది. నీటిలో వేసిన పూజాద్రవ్యాలు కూడా సమస్యే. సాధారణంగా బిలపు సరస్సులలో నీరు నదులలోవలె ప్రవహించి శుభ్రపడదు. అందువలన పూజ అనంతరం నైవేద్యాలను తిరిగి తీసుకొని వెళ్ళడం సరస్సుకు, అడవికి కూడా మేలు చేస్తుంది.

ప్రయాణ సౌకర్యాలు

వకోవా పట్టణం నుండి ల మారీ, పెత్రాఁ మీదుగా రోడ్డుమార్గం కలదు. పెత్రాఁ వద్ద జాతీయ ఉద్యానవన సమాచార కేంద్రం ఉన్నది. కాలిబాటలలో అడవిని చూడదలచినవారు ఇక్కడినుండి బయలుదేరవచ్చును. ఎత్తుప్రదేశం కావడం వలన తీరప్రాంతం కంటే చల్లగా ఉండి, తరచు మంచు కమ్ముతుంది.