చంద్రగిరి ఆడబిడ్డ, మధుర రాణి

మా బనగానపల్లెలో నవాబుల కథలకు కొదవ లేదు. వాటిలో నా మనసు ఎప్పుడూ 1832 దగ్గరే ఆగుతుంది. పాలన సరిగా లేదని మద్రాసు ప్రభుత్వం జాగీరును ఆ ఏడు తన చేతుల్లోకి తీసుకుంది. 1848లో గానీ తిరిగి ఇవ్వలేదు. గద్దె కాస్త తడబడితే చాలు, బయటివాడు లోపలికి వచ్చేస్తాడు. ఆ సంగతి తెలిసిన ఊరివాణ్ణి కాబట్టే రాణి మంగమ్మ అంటే నాకు అంత గౌరవం.

ఆమె మన సీమ ఆడబిడ్డ, చంద్రగిరికి చెందిన తుపాకుల లింగమ నాయకుడి కూతురు. మధుర నాయకరాజు చొక్కనాథుణ్ణి చేసుకుంది. 1682లో భర్త పోయాడు. కొడుకు రంగకృష్ణ ముద్దు వీరప్పను చూసుకోవాలని సహగమనం చేయలేదు. 1689లో ఆ కొడుకునూ మశూచి పొట్టన పెట్టుకుంది. అప్పటికి కోడలు ముత్తమ్మ గర్భిణి. బిడ్డను కన్నాక ఆమె కూడా బతకలేదు. చివరికి మిగిలింది నాయనమ్మ, పొత్తిళ్లలో మనవడు విజయరంగ చొక్కనాథుడు. మంగమ్మ ఆ పసివాడికి పట్టం కట్టి, రాజ్యభారం తన నెత్తిన వేసుకుంది.

ఎలాంటి కాలమది! దక్షిణాన ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్ తిరుగుతున్నాడు. ఆమె కత్తి దూయలేదు, కానుకలు పంపి రాజ్యాన్ని కాచుకుంది. కప్పం ఎగ్గొట్టిన తిరువాన్కూరు మీదికి మాత్రం 1697లో దళవాయి నరసప్పయ్యను సైన్యంతో పంపింది. మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేసినప్పుడు, అంతకుముందు తాను పోరాడిన తంజావూరుతోనే చేయి కలిపింది. ఇంతలో వానలకు ఆ కట్టే తెగిపోయింది. నీటి కరువు తెలిసిన మాలాంటి వాళ్లకు ఈ ఘట్టం కళ్లకు కడుతుంది.

తిరుచిరాపల్లి నత్తర్ వలీ దర్గాకు 1701లో మాన్యాలిచ్చింది. బాటలు వేయించి, పక్కన చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. మధుర రైల్వే స్టేషన్ ఎదుట మంగమ్మాళ్ సత్రం నేటికీ ఉంది. ఎడమచేత్తో తాంబూలం అందుకున్న దోషం పోవడానికే ఈ ధర్మాలన్నీ చేసిందని ఒక కథ చెబుతారు. నాకది మింగుడుపడదు. దారి నడిచే మనిషి దప్పిక తెలిసిన రాణికి దోషమెందుకు, ప్రాయశ్చిత్తమెందుకు?

మీనాక్షి గుడికి వెళ్తే ఊంజల్ మండపం కప్పు చూడండి. అమ్మవారి రాజదండం పూజారి చేతుల మీదుగా మంగమ్మకు అందుతున్న చిత్రం ఉంది. బాలరాజూ అందులో ఉన్నాడు. బొమ్మల పక్కన తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి.

చివరి రోజుల్లో ఆమెను చెరలో పెట్టి, కూడు పెట్టకుండా చంపారని అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవడు 1732 దాకా ఏలి, కొడుకులు లేకుండా పోయాడు. అతని భార్య మీనాక్షి గద్దె కాపాడబోయి ఆర్కాటు నవాబు అల్లుడు చందాసాహెబు ప్రమాణాన్ని నమ్మింది. అతను మాట తప్పాడు. మధుర నాయకుల ఏలుబడి ఆమెతో ముగిసింది.